రెండు గంటల పదిహేడు నిమిషాలు

విశాఖపట్నంలో షిఫ్టు డ్యూటీకి పోయే మనిషి ఉన్న ఏ ఇంట్లోనూ గోడ గడియారం నిజం చెప్పదు. పది నిమిషాలు ముందుకు పెట్టుకునేవాళ్ళు కొందరు, ఇరవై పెట్టుకునే పిరికివాళ్ళు కొందరు. గోపాలపట్నంలో మా ఇంట్లో పదిహేను. అది ముందుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలిసే, మనసులో పదిహేను తీసేసుకుంటాం. అలాంటప్పుడు ముందుకు పెట్టడం దేనికని పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ అడిగింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నీకు తెలీదు ఊరుకో అన్నాను. ఇప్పటికీ అంతకు మించిన జవాబు నా దగ్గర లేదు.

నేను చేపల రేవు దగ్గర ఒక ప్రైవేటు ఐస్ ఫ్యాక్టరీలో కంప్రెసర్ ఆపరేటర్ని. బోట్లకీ చేపల లారీలకీ ఐసు దిమ్మలు తయారయ్యే చోటు. కంప్రెసర్ గదిలో షిఫ్టుకి ఒక్కడే మనిషి. పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా బావ, రెండు నుంచి నేను. బావ అంటే చుట్టం కాదు, మా వైపు మగాళ్ళం ఒకర్నొకరం అలాగే పిలుచుకుంటాం. పదకొండేళ్ళు పిలిచాక చుట్టం కాకుండా ఎక్కడికి పోతాడు? యారాడ మనిషి. చేపల వేటకి పోయే ఇంట్లో పుట్టి, పడవెక్కితే కడుపులో దేవుతుందని ఒడ్డున మిషన్ల దగ్గర చేరాడు. ఆ సంగతి పట్టుకుని నేనెంత ఏడిపించినా నవ్వేవాడు.

మా గదిలో ఒక పద్ధతి ఉండేది, ఎవరు పెట్టారో తెలీదు. వచ్చినవాడు కంప్రెసర్ ఒంటి మీద అరచెయ్యి వేసి "నాది బావా" అనాలి. ఆ మాట పడేవరకూ ఉన్నవాడు కదలడానికి లేదు. అమోనియాతో నడిచే మిషను, దాన్ని అయిదు నిమిషాలైనా ఒంటరిగా వదలకూడదు. రిజిస్టర్లో సంతకాలు తరవాతి సంగతి. చెయ్యి పడితేనే డ్యూటీ మారినట్టు.

గడియారం పిచ్చి బావకి ఫోన్‌లో అంటుకుంది. ఏ దేశంవాడో ఒకాయన, డబ్బా లేకుండా, సర్క్యూట్ బోర్డు లేకుండా, ఒట్టి ఇత్తడి తీగల్ని గాల్లోనే ఒకదానికొకటి అతికి అంకెల గడియారం చేస్తున్న వీడియో అది. ఐసీలూ రెసిస్టర్లూ వలలో చిక్కిన చేపల్లా ఆ తీగల మధ్య వేలాడుతుంటాయి. పైన నాలుగు ఎర్ర అంకెలు. లోపల జరిగేదంతా బయటికి కనబడే గడియారం ఇంట్లో ఉండాలన్నాడు బావ. కరెంటు సెకనుకి యాభైసార్లు కొట్టుకుంటుంది కదా, ఆ దెబ్బల్ని లెక్కపెట్టి సెకన్లు చేసి, సెకన్లని నిమిషాలు చేసే గడియారం. డ్యూటీ దిగాక నాతో పది నిమిషాలు కూర్చుని కాగితం మీద గీసేవాడు. సామానంతా ఒక బిస్కెట్ల డబ్బాలో పోగేసి కంప్రెసర్ గది అలమరలో పెట్టాడు. ఇద్దరం కలిసి చేద్దాం అనేవాణ్ణి నేను. అంటూనే ప్రతి వారం ఏదో వంక పెట్టేవాణ్ణి.

కిందటేడు ఎండాకాలంలో ఒకరోజు మా ఇంటి గోడ గడియారంలో సెల్లు అయిపోయింది. మా ఆవిడ కొత్తది వేసి, ఫోన్ చూసి, ఎంతో శ్రద్ధగా సరైన టైము పెట్టింది. నాతో చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని ఆమెకి తోచనేలేదు. గడియారం సరిచేశానని ఎవరు ఎవరికి చెబుతారు? నేను భోజనానికి కూర్చుని చూస్తే ఒంటిగంటా పావు. అలవాటు కొద్దీ పదిహేను తీసేశాను. ఒంటిగంటే కదా అని రెండోసారి చారు పోయించుకున్నాను. గోడ మీద ఒకటిన్నర కొట్టాక, ముప్పావుగంట దారికి ఒంటిగంటా పావుకే బయల్దేరుతున్నాననుకుంటూ, తాపీగా బండి తీశాను.

నేను వెళ్ళేసరికి ఐస్ ఫ్యాక్టరీ గడియారంలో రెండూ పదిహేడు. దానికేదో రోగం వచ్చిందనుకున్నాను. ఫోన్ తీస్తే అందులోనూ రెండూ పదిహేడే. అప్పుడు గుర్తొచ్చింది, భోజనం బల్ల మీద చింపి పడేసిన కొత్త సెల్లు అట్ట.

బావ స్టూలు మీద, నాకు వీపు పెట్టి, మీటర్ల వైపు తిరిగి, పక్క గోడకి భుజం ఆనించి కూర్చున్నాడు. నేను పరుగున వెళ్ళి కంప్రెసర్ మీద చెయ్యి వేసి "నాది బావా" అన్నాను. పలకలేదు. కోపమొచ్చిందనుకున్నాను. రావలసిందే కదా. చెమట తుడుచుకుంటూ మా ఆవిడ చేసిన ఘనకార్యమంతా చెప్పుకొచ్చాను, సెల్లూ, గడియారం, రెండోసారి చారూ. తప్పు నాది కాదన్నట్టు చెప్పాను. మధ్యలో నవ్వాను కూడా. ఒక నిమిషం పైనే మాట్లాడి ఉంటాను. ఎంతకీ తిరగడేమని భుజం మీద చెయ్యి వేస్తే ఒరిగిపోయాడు.

ప్రాణం లేని మనిషికి నేను సంజాయిషీ చెప్పుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు ఏడాది పట్టింది.

గుండెపోటన్నారు ఆసుపత్రిలో. క్షణంలో పోయి ఉంటాడన్నారు. అడిగితే, కాకపోయీ ఉండొచ్చన్నారు. ఎవరో ఒకరు దగ్గరుంటే ఏమయ్యేదని నేను అడగలేదు. అంబులెన్సు వచ్చేలోపే రిజిస్టర్లో రెండు గంటలని వేసి సంతకం పెట్టేశాను. ఆ చెయ్యి నాదేనా అని ఇప్పటికీ అనిపిస్తుంది. సంతకం పెట్టాక దానికి తగ్గ కథ చెప్పక తప్పలేదు. నేను రెండింటికల్లా వచ్చాననీ, చెయ్యి వేశాననీ, బావ డ్యూటీ అప్పజెప్పి, స్టూలు మీద కూర్చుని, నా ఎదుటే కళ్ళు మూశాడనీ చెప్పాను. ఇంటికొచ్చి గోడ గడియారాన్ని మళ్ళీ పదిహేను ముందుకు తిప్పాను. ఎందుకని మా ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

పదో రోజున యారాడ వెళ్ళాను. బావ భార్యని నేను అక్కా అంటాను. జనం కొంచెం పలచబడ్డాక నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఆకరున ఏటన్నాడు తమ్ముడా?"

ఏమీ అనలేదని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ ఆమె మొహం చూస్తూ ఏమీ అనలేదని చెప్పలేకపోయాను. గడియారం పూర్తి చెయ్యమన్నాడని చెప్పాను. నోటికి ఏదొస్తే అది వచ్చింది. ఆమె చాలాసేపు నా వైపే చూసి, తల ఊపి లేచిపోయింది.

నెల తిరక్కుండానే కబురు పంపింది. వెళితే, ఫ్యాక్టరీవాళ్ళు బావ చొక్కాలతో పాటు ఇచ్చిన బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"అయితే సెయ్యి మరి. ఆకరి మాట కదా."

డబ్బా మూత తీస్తే గుప్పుమని అమోనియా వాసన. బావ గీసిన కాగితం మడత పెట్టి అడుగున ఉంది. ఇత్తడి తీగలు అక్కడక్కడా నీలం తిరిగిపోయాయి.

ఆ తీగలు పట్టుకుని పూర్ణా మార్కెట్ వెళ్ళాను. అక్కడ ఇత్తడి సామాను అమ్మే ముసలి భాయ్ ఒకాయన ఉన్నాడు. తీగ ఒకటి తీసుకుని, వాసన చూసి, రెండు వేళ్ళతో కొంచెం వంచాడు. పుటుక్కున విరిగింది. అమోనియా గాలి తిన్న ఇత్తడి ఇలాగే అవుతుందనీ, పైకి బాగానే కనబడి లోపల పగిలి ఉంటుందనీ, దీన్ని నమ్మి ఏదీ కట్టొద్దనీ చెప్పి, కొత్త తీగ చుట్ట చేతిలో పెట్టాడు. నేను సరేనన్నాను. కానీ పాతవన్నీ పారెయ్యడానికి మనసొప్పలేదు. అంతా కొత్తదైతే ఇక అందులో బావది ఏముంటుంది? కాస్త గట్టిగా ఉన్నదాన్ని ఒక్కదాన్ని ఏరి, విడిగా పెట్టుకున్నాను.

మధ్యాహ్నం డ్యూటీ కాబట్టి పొద్దున్నపూట పని. రెండు నెలలు పట్టింది. బోర్డు లేని పని ఎంత తలనొప్పో చెప్పలేను. ఒక తీగ అతుకుతుంటే పక్కది ఊడుతుంది. ఎన్నిసార్లు విసిరికొడదామనుకున్నానో. చివర్లో బావ తీగని నిమిషాల మీట దగ్గర పెట్టాను. ఆ మీట నొక్కి పట్టుకుంటే సెకనుకో నిమిషం చొప్పున అంకెలు ముందుకు పరిగెడతాయి, టైము సరిపెట్టుకోవడానికి. మీట నొక్కనప్పుడు దాని నోరు మూయించి ఉంచే తీగ ఒకటుంటుంది, అది వదులైతే మీట నొక్కినట్టే. అదే బావది. దాన్ని అతికినప్పుడు మళ్ళీ ఆ వాసన లేచింది, ఎవరో ఫ్యాక్టరీ నుంచి అప్పుడే ఇంట్లోకి వచ్చినట్టు. వంటింట్లోంచి మా ఆవిడ బయటికొచ్చి గుమ్మం వైపు చూసింది. ఎవరొచ్చారని అడిగింది. ఎవరూ రాలేదన్నాను.

మా ఇంట్లో వారం రోజులు బుద్ధిగా నడిచింది. ఒక్కసారి మాత్రం, నేను బల్ల దగ్గర టీ తాగుతుంటే, ఎవరూ తాకకుండానే నాలుగు నిమిషాలు టకటకా దొర్లి ఆగాయి. ఏ తీగ పనో నాకు తెలుసు. భాయ్ మాట చెవిలో మోగింది. అతుకు కొంచెం వేడి చేసి, సర్దుకుంది లెమ్మని నాకు నేనే చెప్పుకున్నాను. నా బతుకంతా ఇలాంటి సర్దుబాట్లే.

ఒక సెలవు రోజున యారాడ తీసుకెళ్ళాను. అక్క ఇల్లు సముద్రానికి ఎదురుగా, కిటికీ ఊచలు తుప్పుపట్టి ఉంటాయి. ఆ కిటికీ పక్క అరలో పెట్టాను. ప్లగ్గు పెడితే ఈ గడియారం పన్నెండు నుంచి మొదలవుతుంది. అందుకని ఫోన్ చూసుకుని సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకే ప్లగ్గు పెట్టాను. ఎర్రగా నాలుగు అంకెలు వెలిగాయి. అక్క తీగల మధ్యకి తొంగిచూసి, ఇందులో ఆయన పెట్టింది ఏదని అడిగింది. ఆ ఒక్క తీగా చూపించాను. వేలు దాని దాకా తెచ్చి, ముట్టుకోకుండా వెనక్కి తీసుకుంది. నేను రెండింటి దాకా ఉండలేదు. అక్కడ రెండింటికి కూర్చోవడం నా వల్ల కాదు.

వారం తరవాత ఫోన్ చేసింది. గడియారం బాగానే నడుస్తోందట గానీ రెండింటికి దానికి ఏదో అవుతోందట. ఏదో అంటే ఏమిటక్కా, సరిగ్గా చెప్పమని విసుక్కున్నాను. వచ్చి చూడమంది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి అన్ని అతుకులూ తడిమాను, బావ తీగ కూడా. ఏ తప్పూ దొరకలేదు. మళ్ళీ ఫోను. మళ్ళీ పొద్దున్నే వెళ్ళాను. గాలి తడికి అలా అవుతుందని చెప్పి తప్పించుకొచ్చాను. మూడోసారి ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతు మామూలుగా ఉంది, అదే నాకు భయమేసింది. పొద్దున్న రాకు, డ్యూటీ లేని రోజు చూసి రెండింటికి రా, భోజనం ఇక్కడే అంది.

కొత్త ఇత్తడి తీగ ముక్క జేబులో వేసుకుని వెళ్ళాను. పాతది తీసేసి ఇది అతికితే అయిదు నిమిషాల పని. ఒంటిగంటా యాభైకి చేరాను. గాలి లేదు. కిటికీలోంచి సముద్రం కదలనట్టే ఉంది. అక్క అన్నం, చేపల పులుసు నేల మీద సర్ది, రెండు కంచాలు పెట్టి, గడియారానికి ఎదురుగా కూర్చుంది. నన్ను పక్కన కూర్చోమంది. 1:58. 1:59.

2:00 పడింది. కిటికీలోంచి గాలి తిరిగింది. అంత సేపూ లేని గాలి. తీగలన్నీ సన్నగా వణికాయి. చివరి అంకె ఒకటయింది, రెండయింది, మూడయింది, సెకనుకొకటి, కళ్ళ ముందే. మీట దగ్గర ఎవరూ లేరు. అయినా ఎవరో వేలు పెట్టి నొక్కి పట్టుకున్నట్టే ఉంది. పది దాటింది. గదిలో అమోనియా వాసన, పులుసు వాసనని మించి. నేను ముక్కు మూసుకోబోయి ఆగాను. పదిహేను. పదహారు. పదిహేడు. ఆగిపోయింది.

గాలి ఇంకా వీస్తూనే ఉంది. తీగలు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. అంకెలు మాత్రం 2:17 దగ్గర నిలబడి, మామూలు గడియారంలా మళ్ళీ నిమిషానికి నిమిషం లెక్కపెట్టడం మొదలుపెట్టాయి.

సముద్రపు గాలి తిరిగే వేళ అది, తీగలోని పగులు కదిలి తెరుచుకుంటుంది, మీట నొక్కినట్టవుతుంది. పరిగెత్తడానికి కారణం నాకు తెలుసు. పదిహేడు దగ్గర ఆగడానికి కారణం ఏ ఆపరేటర్నడిగినా చెప్పలేడు.

"రోజూ ఇక్కడికే వచ్చి ఆగతాది," అంది అక్క. "నాను మర్నాడు పన్నెండింటికి పీకి మళ్ళీ పెడతన్నాను. మళ్ళీ ఇక్కడికే."

అప్పుడు చెప్పాను. సెల్లు దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. రెండోసారి పోయించుకున్న చారు కూడా దాచలేదు. రిజిస్టర్లో దొంగ టైము వేశాననీ, బావ నాతో ఆఖరి మాట ఏదీ అనలేదనీ, నేను వచ్చేసరికి ఒక్కడే అలా కూర్చుని ఉన్నాడనీ, ఆ వీపుతో నేను నవ్వుతూ మాట్లాడాననీ చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నన్ను ఆపలేదు.

"నువ్వు టయానికి రానేదని నాకు ఆ రోజే తెల్సు," అంది. "రెండూ ఎనిమిదికి నాకు పోన్ సేసినాడు. బావ ఇంకా రానేదు, వచ్చి సెయ్యేత్తే గానీ కదలకూడదు, నువ్వు తినెయ్ అన్నాడు."

నేను తలెత్తలేకపోయాను. తెలిసి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదక్కా అన్నాను.

"అబద్దమాడినోడివి, ఊరికే మా ఇంటికెందుకొత్తావు? పనుంటే వత్తావని డబ్బా ఇచ్చినాను. ఏదో ఒక రోజు నువ్వే సెప్తావని."

ఎదురుగా ఉన్న కంచాన్ని అటూ ఇటూ జరిపింది.

"నాను కూడా ఒకటి సెప్పనేదు ఎవరికీ. గుండెల్లో మంటగా ఉందన్నాడు పోన్లో. పొద్దున్న తిన్న పులుసేలే, సోడా తాగు, తమ్ముడొచ్చేదాకా కూకో అన్నాను. నానే కూకోమన్నాను తమ్ముడా."

నీ తప్పు కాదక్కా అనడానికి నాకేం అర్హత ఉంది? జేబులోంచి కొత్త తీగ తీసి, ఇది వేస్తే ఇక ఇలా అవదు, వెయ్యమంటావా అని మాత్రం అడిగాను.

"ఒగ్గీ," అంది. "ఆ పదిహేడు నిమిషాలూ నాకు గడవవు. అది పదిహేడు సెకన్లలో దాటించేత్తంది."

తీగ మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. ఆమె అన్నం వడ్డించింది, పులుసు పోసింది. నేను కలిపి రెండు ముద్దలు తిన్నాను. ఆమె కూడా తింటోంది. వాసన తగ్గింది, గాలి మామూలు సముద్రపు గాలిలాగే ఉంది. గడియారంలో 2:31.

నేను చూడకూడదనుకుంటూనే నేల మీద ఉన్న నా ఫోన్ చూశాను. ఆమె కూడా అదే చూస్తోంది. అందులో ఇంకా రెండూ పద్నాలుగే. ఇద్దరం చేతులు కంచాల్లోనే ఉంచి, తినడం ఆపి, ఆ మూడు నిమిషాలూ కూర్చున్నాం.